సుక్కి మెడలోని గుదికర్ర

"మందంటే రోగాన్ని చంపాలె గద, గురువా. మన ఒంటినే మన మీదికి ఉసికొలిపేది మందెట్లయితది?"

పోశాలు ఈ మాట అడిగిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. వాకిట్లో ఎండ పసుపునీళ్లు చల్లినట్టు పల్చగా పరుచుకుని ఉంది. ఒగ్గుకథ నేర్చుకునే మేము నలుగురం తాళాలు పక్కన పెట్టేసి కూర్చున్నాం. మా గురువు కొమురెల్లి నులకమంచం మీద ఉన్నాడు. ఆయన డోలు ఆయన కాళ్ల దగ్గర ఉంది, పిలిస్తే లేచి వచ్చేలా.

పోశాలు ఊరికే అడగలేదు. గురువు ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ బయటపడేనాటికే ఎముకల దాకా పాకింది. పట్నంలో డాక్టరమ్మ ఆయనకు ఇమ్యునోథెరపీ అనే కొత్తరకం మందు మొదలుపెట్టింది. కొన్ని వారాలకోసారి వెళ్లి, చేతి నరానికి సూది పెట్టించుకుని, మందు బొట్టు బొట్టుగా దిగేదాకా కూర్చుని రావాలి. "ఈ మందు గడ్డను తనంతట తాను కాల్చదు తాతా," అని ఆమె విడమరిచి చెప్పిందట. "మీ రక్తంలోనే కాపలా కణాలున్నాయి. గడ్డ వాటిని మోసం చేసింది. నేనూ మీవాడినే అని నమ్మించి ఆపేసింది. వాటికి పడిన బ్రేకును ఈ మందు తీసేస్తుంది. ఆ తర్వాత పోరాడేది మీ కాపలావాళ్లే."

మొదట దగ్గు తగ్గింది. ఆకలి పుట్టింది. మేమంతా సంబరపడ్డాం. అంతలోనే ఆ కాపలావాళ్లు ఇంటివాళ్ల మీదికి తిరిగారు. ఒంటి నిండా దద్దుర్లు లేచాయి. వేళ్ల కీళ్లు వాచి, డోలు మీద చెయ్యి ఆనించలేనంత నొప్పి పుట్టింది. డాక్టరమ్మ సూది ఆపి, మాత్రలిచ్చి వాపు దించింది. మళ్లీ మొదలుపెట్టవచ్చని చెప్పింది. మళ్లీ ఇలాగే కావచ్చని, ఇంతకన్నా ఎక్కువే కావచ్చని, నయమవుతుందని మాత్రం మాటివ్వలేనని కూడా చెప్పింది. ఆలోచించుకుని వచ్చి ఏ సంగతో చెప్పమని పంపింది. తెల్లవారితే వెళ్లాలి. పోశాలుకు ఆ తెల్లవారడమే ఇష్టం లేదు. డోలు కొట్టలేని గురువును వాడు చూడలేకపోయాడు.

గురువుకు ఒక అలవాటు ఉంది. దేవుని కథ కానిది ఏది చెప్పబోయినా ముందు భుజం మీది కండువా తీసి డోలు మీద కప్పుతాడు. "ఇది మన ఇంటి ముచ్చట, దానికెందుకు," అంటాడు. ఆ సాయంత్రం కూడా, వాచి తగ్గిన వేళ్లతో మెల్లగా కండువా కప్పాడు. మేము దగ్గరికి జరిగాం.

ఆయనకు కొత్తగా పెళ్లయిన రోజులవి. ఈరవ్వ కాపురానికి వస్తూ పుట్టింటి అరణంగా సూడి గొర్రెలను, వాటి వెంట ఒక కుక్కను తెచ్చుకుంది. నుదుట తెల్లని చుక్క ఉన్నందుకు దాని పేరు సుక్కి. "పెండ్లిబిడ్డ ముందల, ఆమె ఎనక గొర్లు, గొర్ల ఎనక సుక్కి. నేను సుక్కికి ఎనక," అని గురువు నవ్వాడు. ఆ నవ్వులో పళ్లు ఊడిన ముసలాయన కాక మీసం మొలుస్తున్న పెళ్లికొడుకు కనిపించాడు నాకు.

సుక్కి గుణం ఒకటే. కొత్తవాడు అడుగు పెడితే ఊరుకోదు. మందలో కట్టుబాటేమో వేరు. గొంగడి కప్పుకున్న మనిషి మనవాడు, వాడి మీద కుక్క మొరగకూడదు. సుక్కి ఆ కట్టుబాటు వినలేదు. చూడవచ్చిన మేనమామ గొంగడిని పట్టి బర్రున చింపింది. చింతగింజల గంజి పెట్టి బిగించిన కొత్త గొంగడి అది. మేనమామ అలిగి అన్నం తినకుండా వెళ్లిపోయాడు. ఇక పెద్దలు దాని మెడకు గుదికర్ర వేలాడదీశారు. నడిస్తే ఆ కర్ర ముందుకాళ్లకు కొట్టుకుంటుంది, పరుగెత్తబోతే బోర్లా పడేస్తుంది. సుక్కి మెత్తబడింది. మంచి కుక్క అయిందని అందరూ మెచ్చుకున్నారు, ఈరవ్వ తప్ప.

ఆ ఏడు విడవకుండా ముసురు పట్టింది. ముసురులో అందరికీ నెత్తి మీంచి గొంగడే, ఎవరు ఎవరో తెలియదు. అప్పుడే గొర్రెపిల్లలు మాయమవడం మొదలైంది. అవి ఈరవ్వ అరణం గొర్రెలు ఈనిన పిల్లలు. తల్లులు అరిచే అరుపుకు ఆమె ముద్ద మింగలేకపోయేది. తోడేలు అనుకుందామంటే రక్తం చుక్క లేదు. దొంగ అనుకుందామంటే కుక్కలు మొరగలేదు. "అరణంతోటి దరిద్రం గూడ తెచ్చింది," అని అత్త నోరు జారింది.

"తోడేలు గాదు బిడ్డా," అన్నాడు గురువు. "పొద్దూకకముందే, అందరం సూస్తుండంగనే వచ్చేటోడు, నిండ గొంగడి కప్పుకొని. నేనే ఒకనాడు 'ఏం బావా, బాగున్నవా?' అంటే లోపలి నుంచే చెయ్యెత్తిండు. కడుపు జూస్తే నెలలు నిండిన ఆడిదాని లెక్కున్నది! బావ బాగ తింటున్నడనుకున్న నేను."

మేము నవ్వాం. పోశాలు నవ్వలేదు.

సుక్కికి మాత్రం తెలుసు. ఆ మనిషి వచ్చినప్పుడల్లా గుర్రుమని లేచేది. కర్ర మోకాళ్లకు తగిలి మొఖం మీద పడేది. దీనికింకా బుద్ధి రాలేదని అందరూ కసిరేవాళ్లు. ఒకనాడు ఈరవ్వ అది పడటం చూసింది, అది ఎటు చూస్తూ పడిందో కూడా చూసింది. ఎవరినీ అడగలేదు. కొడవలితో తాడు కోసి, కర్రను వానలోకి విసిరేసింది.

"ఏందే నువ్వు! రేపు సుట్టాలను కరిస్తే?" అని మొగుడు గదమాయించాడు.

"దొంగ ఎవడో దానికి నేను సూపియ్య పన్లేదు. దానికి ఎర్కే. మనమే కట్టేసినం," అన్నది ఈరవ్వ.

మర్నాడు గొంగడి బావ రానే వచ్చాడు. సుక్కి ఒక్క ఉరుకున పోయి గొంగడిని గుంజి పడేసింది. లోపలి నుంచి గొర్రెపిల్లలు జారిపడి, అరుచుకుంటూ తల్లుల దగ్గరికి ఉరికాయి. మనిషి గొంగడి వదిలేసి వానలో పడి పారిపోయాడు. మందంతా కేకలు, ఈలలు.

"మంచిగనే అయింది గద!" అన్నాడు పోశాలు.

"గంతే అయితే నిన్ను కూసోవెట్టి చెప్పుడెందుకురా?" అన్నాడు గురువు.

ముసురు ఇంకా వెలవలేదు. ఈరవ్వ నెత్తిన గొంగడి కప్పుకుని, చంకన జొన్న గటుక వండిన సర్వగిన్నె పెట్టుకుని మంద దగ్గరికి వచ్చింది. దొంగ గొంగడిని నోట పట్టిన సుక్కికి ఇప్పుడు ప్రతి గొంగడీ దొంగే. తనకు ముద్ద పెట్టి పెంచిన మనిషి పిక్కనే పట్టుకుంది. గటుక బురదపాలయింది. కొమురెల్లి పరుగెత్తి, పడేసిన గుదికర్రను వెతికి తెచ్చాడు. ఈరవ్వ బురదలోనే కూర్చుని, కొంగు చింపి పిక్కకు బిగించుకుంది. ఆమె కేకతో గొంతు గుర్తుపట్టి వణికిపోతున్న కుక్క తలను ఒళ్లోకి లాక్కుంది.

"కర్ర అవుతల పారెయ్. నా కాలు నేను సూసుకుంట," అన్నది.

ఆ ముసురు వెలిసేదాకా ఆమె మందకు వచ్చే తీరే మారిపోయింది. అంత దూరాన ఆగి, గొంగడి విడిచి చంకన పెట్టుకునేది. వానలో తడుస్తూ "సుక్కీ, నేనే... సుక్కీ, నేనే," అని పిలుచుకుంటూ వచ్చేది. "గా పిలుపు ఇనేటందుకే నేను మందకాడ ఉండేటోణ్ణి," అన్నాడు గురువు. ఆయన చూపు వాకిలి దాటి, మాకు కనబడని ఏదో తడి బీడు మీదికి వెళ్లిపోయింది. ఈరవ్వ పోయి చాలా ఏళ్లయింది. మాలో ఎవరమూ ఆమెను చూసి ఎరగం. అయినా ఆ క్షణాన ఆమె తడిసిన జుట్టుతో దర్వాజ దగ్గర నిలబడి, లోపలికి రావడానికి పేరు పిలుస్తున్నట్టే అనిపించింది నాకు.

ఎండ గోడ ఎక్కి పోయింది. చివరికి పోశాలే మెల్లగా అడిగాడు.

"అవ్వ కాలు మీది పంటిగాటు పోయిందా, గురువా?"

గురువు డోలు మీది కండువా తీసి భుజాన వేసుకున్నాడు. వేళ్లు చాచి, ముడిచి చూసుకున్నాడు. నొప్పికి ఒకసారి కళ్లు మూసుకున్నాడు. పొద్దున బస్సుకు తనను లేపమని పోశాలుకు చెప్పి, అప్పుడు జవాబిచ్చాడు.

"పోలే బిడ్డా. గా గాటు సూసినప్పుడల్లా నాకు దక్కిన గొర్ల మందంత కనవడేది."