నక్క దిగనన్న గది

తూర్పు సముద్రంలో జంతువులే నడుపుకునే సరుకు ఓడ ఒకటుండేది. దాని పొగలోని బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదిలేవారు కాదు. ఒక యంత్రం దాన్ని పట్టి, చల్లబరిచి, నీళ్లలా చేసి పైన ఉన్న పెద్ద ఇనప తొట్టిలో నింపేది. కొంగల రేవు చేరాక ఆ తొట్టి ఒప్పజెబితే, అక్కడివాళ్లు దాన్ని భూమి లోపల రాళ్ల అడుగున పాతిపెట్టేవారు. ఎండలు ముదిరి, సముద్రం పొంగి గూళ్లు మునిగాక కొంగలు పెట్టుకున్న కట్టుబాటది. తన పొగ తాను మోసుకురాని ఓడకు ఆ రేవులో చోటు లేదు.

ఆ ఓడలో సరుకు పైకి లాగే పని మైలోడు అనే ఎద్దుది. ఒకప్పుడు మెట్ట చేలల్లో బావుల మీద కపిలి లాగి నీళ్లు తోడిన ఎద్దు. దానికి మాట తక్కువ. పట్టిన మోకు మాత్రం వదలదు.

ఆ ప్రయాణంలో సరంగు తాబేలు జ్వరంతో మంచం పట్టింది. పెత్తనం జంబుకయ్య అనే నక్కకు వచ్చింది. ఇక చూడాలి దాని దర్జా! అన్ని ఓడలకంటే ముందు రేవు చేరితే పెత్తనం తనకే ఉండిపోతుందని ఆశపడి ఇంజనును అదేపనిగా ఉరికించింది. పొగ ఎక్కువై, సగం దారిలోనే తొట్టి నిండిపోయింది.

ఒక మధ్యాహ్నం నక్క సరుకుండే అడుగు గదిలోంచి నాలుక వేలాడేసుకుని, రొప్పుతూ పైకొచ్చింది. చేతిలో లాంతరు ఆరిపోయి ఉంది.

"ఏమైందయ్యా?" అంది ఎద్దు.

"ఏముంది, నూనె అయిపోయింది. నీ పని నువ్వు చూసుకో."

నక్క విసురుగా వెళ్తుంటే లాంతర్లో నూనె తొణికింది. ఎద్దు ఆ చప్పుడు విని కూడా ఊరుకుంది. తర్వాత రోజూలాగే మెడ చల్లబరుచుకుందామని తొట్టికి ఆనుకుంటే చుర్రుమంది. ఎప్పుడూ మంచులా ఉండే తొట్టి ఎండకు కాలిన పెనంలా ఉంది. లోపలున్నది ఎటు పోయినట్టు? పైకి వదిలితే తెల్లటి మంచుపొగ లేచేది, ఓడ వెంట ఎగిరే గువ్వలు చూసి రేవుకు చాటేవే!

రేవు వచ్చింది. వీళ్ల ఓడే ముందు. రేవుకు పెద్దయిన కొంగ గట్టు మీద నిలబడి ఉంది. అడుగు గది మూత తీశారు. బస్తాలు కట్టే పందికొక్కులు పిల్లాజెల్లాతో నిచ్చెన దగ్గర చేరాయి.

"అన్నా, మోకు సిద్ధమేనా? దిగుతున్నాం," అంది వాటి పెద్ద కొండమ్మ.

నక్క ఆ గది వైపు చూడటం లేదు. ఆకాశం కేసి చూస్తోంది. ఎద్దు అది గమనించింది. ఆరిన లాంతరు, ఖాళీ తొట్టి, ఈ దొంగ చూపు! మెట్టలో పాత బావిలోకి దిగేముందు లాంతరు దించి చూస్తారు. దీపం ఆరితే ఎవరూ దిగరు. ఒకసారి చూడకుండా దిగిన మనిషిని శవంగా పైకి లాగింది ఈ మైలోడే.

"ఆగు కొండమ్మా. ముందు లాంతరు దించుదాం."

"నీ బావి చాదస్తం ఇక్కడొద్దు!" నక్క కసిరింది. "కొంగగారు ఎండలో నిలబడ్డారు. ఇంకో మాటంటే నిన్ను తీసేసి దున్నపోతును పెడతా. దిగవే కొండమ్మా!"

కొండమ్మ నిచ్చెన మీద కాలు పెట్టింది. లోపలి గాలికి రంగూ లేదు, వాసనా లేదు. ఏం చూపించి ఆపాలి? ఎద్దు ఉన్నట్టుండి గట్టు వైపు తిరిగి గొంతెత్తింది.

"కొంగగారూ! తమకోసం మా జంబుకయ్యగారు అడుగు గదిలో ఎండుచేపల బుట్ట దాచారండీ! నేనే దించాను. ముందు అది పైకి రావద్దూ?"

కొంగ మెడ బారుగా సాగింది. "అలాగా! తెప్పించండి మరి!"

నక్క మొహం పాలిపోయింది. "కొండమ్మ తెస్తుందిలెండి..."

"ఎండుచేపలా? ఇప్పుడే తెస్తానండీ!" కొండమ్మ మీసాలు తుడుచుకుంది. వెనక పిల్లలన్నీ లొట్టలేశాయి.

"పందికొక్కుల చేతికి ఎండుచేపలా? బాగుందయ్యా వరస!" అంది కొంగ. "మీరే దిగండి."

ఎద్దు మోకు తెచ్చి నక్క నడుముకు బిగించింది. "దిగండయ్యా. కళ్లు తిరిగితే లాగేస్తాను."

నక్క దాని కళ్లలోకి చూసింది. వీడికి తెలిసిపోయింది! గట్టు మీద కొంగ చూస్తోంది, వెనక పందికొక్కులు చూస్తున్నాయి. నక్క ఒక మెట్టు దిగింది. ఇంకోటి దిగింది. గోళ్లు నిచ్చెనకు దిగబడ్డాయి. ఒక్క గెంతులో పైకొచ్చి పడింది.

"దిగను! దిగితే చస్తాను!"

కొండమ్మ తన పిల్లల్ని దగ్గరికి లాక్కుని మెల్లగా అడిగింది.

"మరి మమ్మల్ని దిగమన్నావేం?"

ఎద్దు మోకు చివర లాంతరు కట్టి దించింది. సగం దూరం వెళ్లేసరికి ఎవరో వేళ్లతో నలిపేసినట్టు దీపం ఆరిపోయింది. తొట్టిలోదీ, ఆ తర్వాత యంత్రం పట్టినదీ గొట్టం పెట్టి ఆ గదిలోకి వదిలేశానని, పగుళ్లలోంచి పోతుందనుకుంటే నీళ్లలా అడుగునే నిలిచిపోయిందని నక్క ఏడుస్తూ చెప్పింది. కొంగ వచ్చి ముక్కుతో తొట్టిని కొడితే ఖణేల్‌మంది.

"చేపలూ వద్దు, మీరూ వద్దు," అని ఓడను బయటికి పంపేసింది.

లంగరేసి, తెరచాప గుడ్డలు కట్టి, దీపం నిలిచేదాకా ఆ గదిలోకి గాలి తోలారు. తాబేలు జ్వరంతోనే లేచి వచ్చి తీర్పు చెప్పింది. ఇప్పటికీ ఆ ఓడలో ఏ గది మూత తీసినా ముందు లాంతరు దిగుతుంది. దీపం నిలిచాక, నడుముకు మోకుతో ముందుగా దిగేది నక్క. పైన మోకు పట్టుకునేది మైలోడు.

తాను అడుగు పెట్టని చోటికి మనల్ని పంపేవాడికి పెత్తనం ఇస్తే, ముందు పోయేది మన ఊపిరే.