మూతికి గుడ్డ కట్టిన రాజు

అందరూ పడుకున్నారా? ఒరే పండూ, ఆ దుప్పటి చెల్లాయికి కూడా కప్పరా. ఇక వినండి. అనగనగా పన్నీరుకోట అని ఒక ఊరు, ఆ ఊరికో రాజు. పేరుకే పన్నీరుకోట! రాజు నోరు తెరిస్తే గోడమీద బల్లులు పక్కగదిలోకి పారిపోయేవిట. నవ్వకండర్రా, అసలు కథ ముందుంది.

ఆ రాజుకి తిండంటే మహా ఇష్టం. ఉల్లిపాయ కొరికేవాడు, వెల్లుల్లి నమిలేవాడు, ఉలవచారు జుర్రేవాడు, ఊరగాయ నాకేవాడు, మూతి తుడుచుకుని ముసుగుతన్నేవాడు. పుక్కిలించడమా, ఆ ఊసే లేదు. పొద్దున్నే వేపపుల్ల ఇస్తే చేదని విసిరికొట్టి, నా బదులు నువ్వు తోముకో అని మంత్రికి చెప్పేవాడు. పాపం మంత్రి తన పళ్ళు ఒకసారి తోముకుని, రాజుగారి పేరు చెప్పి మళ్ళీ తన పళ్ళే ఇంకోసారి తోముకునేవాడు. రాజేమో నోట్లో రెండు యాలకులు పడేసుకుని దర్జాగా తిరిగేవాడు. పాచి మీద యాలకులు వేస్తే ఏమవుతుంది? యాలకుల పాచి అవుతుంది!

మరి సభలోవాళ్ళ గతేమిటి? రాజుకి చెప్పలేరు, వాసన భరించలేరు. ముసలి సేనాపతి ఓరోజు ఇక తట్టుకోలేక ఉత్తరీయం ముక్కుకీ మూతికీ అడ్డం పెట్టుకున్నాడు. రాజు అది చూసి, ఆహా, తన ఊపిరి నాకు తగలకూడదని ఎంత భక్తి అని మురిసిపోయాడు. రేపటినుంచి సభలో అందరూ ఇలాగే కట్టుకోవాలని చాటింపు వేయించాడు. వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? బతుకుజీవుడా అని బిగించి కట్టుకున్నారు. ఊ కొడుతున్నారా?

ఆ రాజుకో కోడలు, నీలవేణి. ఆవిడకో చంటిపిల్ల. రాజుకి మనవరాలంటే ప్రాణం. సభ ముగిస్తే చాలు, ఊయల దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. ముద్దు పెట్టబోతే పిల్ల గుక్కపట్టేది. ఎత్తుకోబోతే గుక్కపట్టేది. దాది బుచ్చమ్మ ఎత్తుకుంటే మాత్రం కిలకిలా నవ్వేది. రాజుకి మనసు చివుక్కుమంది. ఈ బుచ్చమ్మే ఏదో మందు పెట్టి పిల్లని నాకు దూరం చేసింది, తెల్లారేసరికి దీన్ని ఊరు దాటించండి అన్నాడు.

ఆ మాట నీలవేణి చెవిన పడింది. బుచ్చమ్మంటే ఎవరనుకున్నారు? నీలవేణిని తన చేతులమీద పెంచి, పుట్టింటినుంచి వెంట వచ్చిన మనిషి. ఆవిడ వెళ్ళిపోతే నీలవేణికి అత్తింట్లో అమ్మ లేనట్టే. పోనీ నిజం చెబుదామా అంటే, మీ నోరు కంపు కొడుతోందని ఏ కోడలు చెబుతుందమ్మా మామగారికి? మొగుడికి చెబితే అతనూ నావల్ల కాదన్నాడు. ఆలోచించింది, ఆలోచించింది, చివరికి తలుపు చాటున నిలబడి గొంతు సవరించుకుంది.

"మామగారూ, బుచ్చమ్మని పంపేముందు ఒక్క పని చెయ్యండి. సభలోవాళ్ళలాగే ఉత్తరీయం ముక్కుకీ మూతికీ బిగించి కట్టుకుని, మీరే పిల్లకి జోల పాడండి. పాట అయ్యేలోపు దాన్ని ఏడిపిస్తున్నదేమిటో మీకే తెలుస్తుంది" అంది.

మనవరాలి కోసం కదా, రాజు సరేనన్నాడు. గుడ్డ కట్టాడు, ఊయల ఊపాడు, జోజో అని పాట అందుకున్నాడు. ఒక చరణం అయిందో లేదో, ఛీ ఛీ, ఇక్కడెక్కడో ఎలక చచ్చిందన్నాడు. ఊయల కింద చూశారు, ఎలక లేదు. పరుపు దులిపారు, ఎలక లేదు. బుట్టలు బోర్లించారు, ఎలక లేదు. గుడ్డ విప్పితే వాసన లేదు, కట్టుకుని పాడితే గుప్పున వాసన! విప్పాడు, కట్టాడు, విప్పాడు, కట్టాడు. అప్పుడు నేలమీద చతికిలబడ్డాడు.

తలుపు చాటునుంచి నీలవేణి తొంగిచూసింది. కోపమొస్తే బుచ్చమ్మతోపాటు తననీ పంపించేస్తాడు కదా! రాజు మెల్లిగా, "అమ్మాయీ, అయితే వాళ్ళు గుడ్డలు కట్టుకుంది భక్తితో కాదన్నమాట" అన్నాడు.

"కొంచెం భక్తి కూడా ఉంది మామగారూ" అంది నీలవేణి.

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే, పసిదాన్ని ఎంత బాధపెట్టానూ అని కళ్ళు తుడుచుకున్నాడు. బుచ్చమ్మని పిలిపించి, తప్పు నాదే తల్లీ, నువ్వెక్కడికీ వెళ్ళొద్దు అన్నాడు.

మర్నాడు వేపపుల్ల ఇచ్చింది ఎవరు? బుచ్చమ్మే! రాజు మొహం చిట్లించాడు, అయినా నమిలాడు. లోపలా బయటా తోమాడు, పుల్ల చీల్చి నాలుక గీశాడు, బుడబుడా పుక్కిలించి ఉమ్మాడు. అన్నం తిన్నాక పుక్కిలించాడు, పడుకోబోయేముందు మళ్ళీ తోమాడు. ఒక్కరోజుకే వాసన పోయిందా? పోలేదు. అంతకాలం పేరుకున్న పాచి ఒక్క పూటలో పోతుందా? మొండిగా రోజూ చేశాడు.

కొన్నాళ్ళకి వాసన పోయింది. ఇక ధైర్యమొచ్చి, సభలో అందర్నీ గుడ్డలు విప్పమన్నాడు. విప్పితే ఏముంది! గుడ్డ చాటు ఉంది కదా అని వాళ్ళూ నోళ్ళు కడగడం మానేశారు, రోజూ కట్టుకుని ఎవరి వాసనకి వాళ్ళు అలవాటుపడిపోయారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ముక్కులు మూసుకున్నారు. మంత్రి ఒక్కడే తళతళలాడే పళ్ళతో నుంచున్నాడు, రెండు వంతులు తోమాడు కదా! రాజు అందరికీ తలో వేపపుల్ల పంచాడు.

ఆ సాయంత్రం వచ్చి ఊయల మీదికి వంగాడు. నీలవేణీ బుచ్చమ్మా ఊపిరి బిగబట్టారు. పిల్ల తాత వంక చూసింది. మూతి వంకర పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నారు. లేదర్రా! చెయ్యి చాపి, తాత నోట్లో వేళ్ళు పెట్టి, పళ్ళు పట్టుకుని కిలకిలా నవ్వింది. ఆ రాజుకి రాజ్యం మళ్ళీ కొత్తగా వచ్చినంత సంతోషమేసింది.

చూశారా, మన నోటి వాసన మనకి తెలీదు, ఎదుటివాళ్ళు చెప్పరు. అందుకని ముందే కడుక్కోవాలి. సరే, కథేమో కంచి దారి పట్టింది, మనం పెరట్లో నీళ్ళతొట్టి దారి పడదాం. లేవరా పండూ, కజ్జికాయ తిని అలాగే దుప్పట్లో దూరావు, నేను చూడలేదనుకున్నావా? పళ్ళు తోముకుని రా. ముద్దు అప్పుడు పెడతాను.