అమ్మ దిగేదాకా

విరూపాక్షయ్యగారు అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి ముఖం ఒకసారి చూస్తారు, కాసేపు విసనకర్ర ఊపుకుంటారు, ఆ తర్వాత ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. కొత్త శిష్యులకు ఇది చిరాకు. పాతవాళ్లకు కొంచెం భయం కూడా, ఎందుకంటే ఆ సంగతి ఇంటికి వెళ్లినా వదిలిపెట్టదు.

చెన్నప్ప కొత్తవాడు. చదువూ ఉత్సాహమూ రెండూ ఎక్కువే. పొరుగూరి భజనలో ఒక ముసలాయన ఒళ్లు మరిచి ఆడుతూ పాడుతూ ఉండడం చూసి, ఆ పరవశం ఇంకా కళ్లలో ఉండగానే వచ్చి కూర్చున్నాడు. "స్వామీ, తనను తాను మరిచినవాడు ధన్యుడని మీరే అంటారు గదా. ఈ పొద్దు అట్లాంటి మనిషిని చూసినాను. నిద్రాహారాలు లేవంట. కన్నకొడుకునే గుర్తుపట్టలేదంట! ఆ స్థితి మనబోటివాళ్లకు ఎప్పుడొస్తాది?"

గురువుగారు విసనకర్ర పక్కన పెట్టి చెప్పిన సంగతి ఇది.

ఓబులమ్మ డెబ్బై దాటిన మనిషి. ఇంటి వెనక కూర్చుని శనక్కాయలు ఒలుచుకోవడమే తప్ప, పదిమందిలో నోరు విప్పి మాట్లాడినట్టు ఆమె భర్త మద్దిలేటికి కూడా గుర్తులేదు. ఊళ్లో పెద్దమ్మ దేవర, అంటే అమ్మవారి జాతర, దగ్గరపడింది. వానల జాడ లేదు. అమ్మ పూని పలికే మనిషి పోయి చాలా ఏళ్లయింది, ఆ తర్వాత అమ్మ ఎవరిమీదికీ రాలేదు. అమ్మకు తమమీద కోపమొచ్చిందని ఊరంతా దిగులుగా ఉంది.

సరిగ్గా అప్పుడే ఓబులమ్మకు నిద్ర కరువైంది. వాకిట్లో నిలబడి పాట అందుకుంది. పకపకా నవ్వింది. దారిన పోయేవాళ్లను పిలిచి దీవించింది, చేతి గాజులు తీసి పిల్లలకు పంచింది, ఊరందరికీ మేడలు కట్టిస్తానంది. ఒక మాటకూ మరో మాటకూ పొంతన లేదు. కోడలు రంగమ్మను పట్టుకుని, ఎప్పుడో చనిపోయిన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. ఉన్నట్టుండి మత్తుగా తల వాల్చేది, మళ్లీ ఉలిక్కిపడి లేచి పాడేది. కళ్లు మాత్రం ఎవరిమీదా నిలిచేవి కావు.

ఊరికి కావలసింది ఇదే. అమ్మ వచ్చిందన్నారు. అక్కడి ఆచారం ప్రకారం అమ్మ వచ్చిన మనిషిని పేరు పెట్టి పిలవకూడదు, తాకకూడదు, అమ్మ దిగేదాకా నోటికి ఏమీ అందించకూడదు. ఆమె నీళ్లడిగితే అడిగింది అమ్మే కాబట్టి, వేపాకు వేసిన పసుపునీళ్లు కాళ్లమీద పోయాలి. మద్దిలేటికి జనం కుర్చీ వేశారు. జీవితమంతా పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు, పాపం, ఆ కుర్చీలో హాయిగానే కూర్చున్నాడు.

రంగమ్మ ఒక్కతే అతని దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "మామా, అత్తకు ఇంతకు ముందు నుంచే ఒంటికి పోతే మంటంట. నాతో చెప్పుకుని ఏడ్చింది. ఇప్పుడు ఒళ్లు కాలిపోతాండాది. ఒక్క గలాసు నీళ్లు తాపిస్తా మామా."

"నోరు ముయ్! అమ్మను ముట్టుకుని ఊరిని నాశనం చేస్తావా?" అని కసిరాడు మద్దిలేటి.

జనం వరస కట్టారు. వాన పడుతుందా తల్లీ అంటే పడుతుందంది. కొడుకు పుడతాడా అంటే పుడతాడంది. ఎవరేమడిగినా ఔననే అంది. మిట్టమధ్యాహ్నం పాట ఆపేసి, మద్దిలేటి వైపు తిరిగి, "నీళ్లు" అంది.

బిందెలు పరుగెత్తుకొచ్చాయి. మొదటి చెంబు మద్దిలేటే ముంచాడు. భక్తితో ఆమె పాదాలమీద పోశాడు. "నీళ్లు" అంది మళ్లీ. మళ్లీ పోశారు. డప్పులు మోగాయి. ఆమె వంగి, తడిసిన చీర కుచ్చెళ్లు నోటికి ఎత్తుకోబోతే, తాకకూడదు గనక, వేపమండలు అడ్డం పెట్టి ఆపారు.

మరునాడు ఆమె కుప్పకూలింది. అమ్మ దిగింది అన్నారు జనం. రంగమ్మ ఎవరి మాటా వినకుండా ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయింది. వెనకాలే మద్దిలేటి వెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ చూసి, "మూత్రంలో చీము పట్టి ఆ విషం ఒంటికెక్కింది. ముసలితనంలో ఇట్లా ఒక్కోసారి సన్నిపాతమూ ఉన్మాదమూ రెండూ కలిసి వస్తాయి. చూసేవాళ్లకు సంతోషంగా ఉన్నట్టే కనిపిస్తారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే..." అని మద్దిలేటి ముఖం చూసి ఆగిపోయింది.

సెలైన్లు ఎక్కాక ఓబులమ్మ కళ్లు తెరిచింది. ఇప్పుడామె మునుపటి ఓబులమ్మే. నిష్ఠూరం లేని గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టే భర్తతో అంది: "అంతమందిలో నిన్నొక్కణ్ణే గుర్తుపట్టినా. అందుకే నిన్నడిగితి, నీళ్లు."

మద్దిలేటి గ్లాసు నోటికందించాడు. రెండు గుక్కలకు మించి దిగలేదు. అప్పటికే మూత్రపిండాలు చెడిపోయాయి. దేవర జరగకముందే ఆమె పోయింది.

గురువుగారు ఆపారు. చెన్నప్ప, "అయితే స్వామీ, ఆమె మీదికి అమ్మ రానట్టేనా?" అన్నాడు.

"వచ్చిందో లేదో నాకు తెలియదు నాయనా. దాహం మాత్రం వేసింది."

విసనకర్ర మళ్లీ చేతికి తీసుకున్నారు గానీ ఊపలేదు.

"నువ్వు చూసొచ్చిన ఆ పెద్దాయన," అన్నారు, "మధ్యలో ఎవరినైనా ఏమైనా అడిగినాడా?"