ఉండనీలే, ఉండనీ!

అనగనగా, జంతువులకు మాటలతోపాటు రాతలు కూడా వచ్చిన కాలంలో, ఒక అడవి ఉండేది. ఆ అడవికి ఏనుగు రాజు. అందరూ కలిసి వాడుకోండర్రా అని ఆయన ఒక కంప్యూటరు పెట్టించాడు.

అందులో కూర్పరి అనే పనిమంతుడు ఉండేవాడు. ఎవరైనా ఆజ్ఞలు రాసిస్తే చాలు, వాటిని ముక్కముక్కగా వండి, అతికించి, నడిచే ప్రోగ్రాం చేసి చేతికిచ్చేవాడు. ఎంత వింతో! వండిన ముక్కలు దాచిపెడితే మళ్ళీసారి పని చిటికెలో అయ్యేది. అందుకే పని కాగానే అడిగేవాడు: "ఈ ముక్కలు ఉంచనా, తీసెయ్యనా?"

"ఉండనీలే!" అనేది ఎలుగుబంటి, తేనెపట్లు వెతికే ప్రోగ్రాం పుచ్చుకుని.

"ఉండనీలే!" అనేది నక్క, కోడిలా కూసే ప్రోగ్రాం పుచ్చుకుని.

"ఉండనీ, ఉండనీ!" అనేది ఉడుత. గింజలు ఎక్కడ దాచిందో గుర్తుచేసే ప్రోగ్రాం దానిది. రోజూ మార్చేది, రోజూ ఉండనీ అనేది.

వానాకాలంలో ఒకనాడు కొంగ రొప్పుతూ వచ్చింది. వరద వస్తే కూత పెట్టే ప్రోగ్రాం దానిది. కిందటేడు నీళ్ళు గూళ్ళను తాకాకగానీ అది కూయలేదు.

"ముందుగానే కూసేలా కొత్త ఆజ్ఞలు రాశాను, త్వరగా చేసిపెట్టు నాయనా! ఎగువన మబ్బు కమ్మింది. ఏటి ఒడ్డున గూళ్ళనిండా రెక్కలు రాని పిల్లలున్నారు."

కూర్పరి బిక్కమొహం వేశాడు. "చోటు లేదమ్మా. దాచిన ముక్కలు కుప్పలు పడి, చీమ దూరే సందు కూడా లేదు."

రాజుగారు అందరినీ పిలిచాడు. "ఈ కుప్పలెవరివి?"

"నావి కావు," అంది నక్క. "నావీ కావు," అంది ఎలుగుబంటి. ఉడుత ఆకాశం చూసింది.

"తప్పుకోండి, నేను ఊడ్చేస్తా!" అని ఎలుగుబంటి చేతికందిన కుప్పను పట్టుకుంది.

"మామా, అవి నేను రాసుకున్న ఆజ్ఞలు! పోతే మళ్ళీ రావు!" అని కొంగ కెవ్వుమంది. రాజుగారు తొండంతో ఆపబట్టి బతికాయి.

ఈసారి నక్క లేచింది. కంప్యూటరులో ఒక్కొక్కరికీ ఒక్కో గది ఉండేది; తన గదిలోవన్నీ ఉడుత గదిలోకి తోసి, "చూశారా, నా గది అద్దంలా ఉంది!" అని మీసం దువ్వింది.

"బాగుంది బావా! అటుది ఇటు తోస్తే చోటు పెరుగుతుందా?" అంది ఉడుత. అందరూ నవ్వారు.

కొంగ మాత్రం నవ్వలేదు. దాని కళ్ళనిండా నీళ్ళు. అది చూసి ఉడుత తోక దించుకుని ముందుకొచ్చింది.

"ఏలినవారూ, ఆ మూల కొండంత కుప్ప నాదే. కూర్పరీ, నేను రాసినవి ఉంచు, నువ్వు వండినవి తీసెయ్. మళ్ళీ వండుకోవచ్చుగా?"

"వండుకోవచ్చు తల్లీ. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

"అయితే ఓ గింజ కొరుక్కుంటూ కూర్చుంటాలే!"

ఎలుగుబంటి బుర్ర గోక్కుంది. "ఆ పక్కది... నాదేనేమో."

"ఉడుత గదిలోకి తోసింది నాదే మరి," అని నక్క నసిగింది.

తీస్తుంటే ఇంకో వింత బయటపడింది. ప్రోగ్రాంలు చేయడానికి కూర్పరికి కావలసిన ఒకేరకం పనిముట్ల పెట్టె ముగ్గురూ విడివిడిగా దాచుకున్నారు! "అందరికీ ఒకటి చాలదర్రా?" అని రాజుగారు కడుపుబ్బ నవ్వి, ఒకటి ఉమ్మడి అరలో పెట్టించాడు.

చోటు దొరికింది. కూర్పరి గబగబా ప్రోగ్రాం చేసిచ్చాడు. పొద్దు వాలకముందే వరద కూత అడవంతా మోగింది. ఎలుగుబంటి గూళ్ళను నెత్తిన పెట్టుకుని మెరకకు పరుగెత్తింది. నక్క దారి చూపింది. ఏరు పొంగి ఒడ్డు మునిగింది గానీ, ఒక్క పిల్లకూ ఈక తడవలేదు. మెరక మీద కొంగలన్నీ ఉడుతను మధ్యలో కూర్చోబెట్టి గంతులేశాయి.

కాబట్టి పిల్లలూ, నలుగురూ వాడుకునే చోట మళ్ళీ చేసుకోగలిగినదాన్ని వదులుకోవడానికి వెనుకాడకూడదు, "అది నాదే" అని ఒప్పుకోవడానికి సిగ్గుపడకూడదు.