కోతంటే తెలియని బొజ్జక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మలుపు తిరిగే చోట ఎత్తైన మట్టిగట్టు ఉండేది. గట్టు మీద తుంగ ఏపుగా పెరిగేది. అక్కడే ఒక పొదలో బొజ్జక్క అనే అడవిపంది పిల్లలతో కాపురముండేది. అదే గట్టుకు వాగు వైపున్న బొరియలో నీలవేణి అనే లకుముకిపిట్ట ఉండేది.

తుంగగడ్డలంటే పందిపిల్లలకు ప్రాణం. చిత్తడినేలలో అవి కావలసినన్ని ఉన్నాయి. కానీ అక్కడిదాకా నడవాలి. బొజ్జక్కకు నడక గిట్టదు. అందుకని ఇంటిముందే మూతి పెట్టి తవ్వేది.

ఒకనాడు నీలవేణి వచ్చి ఎదురుగా వాలింది.

"అక్కా, ఈ మట్టిని పట్టుకుని ఉన్నవి తుంగ వేళ్లే. అవి పోతే గట్టు కోత పడుతుంది" అంది.

బొజ్జక్క ఆలోచించింది. తనకు తెలిసిన కోత వరికోత ఒక్కటే. అది మంచిదే కదా అంది. నీళ్లు మట్టిని కొంచెం కొంచెంగా నాకేస్తే దాన్నీ కోతే అంటారని పిట్ట ఓపిగ్గా చెప్పింది. ఇక గట్టు జోలికి పోనని బొజ్జక్క మాటిచ్చింది. మర్నాడు, ఒక్క దుబ్బే కదా అని పీకింది.

తొలకరికి గట్టు అంచున చారెడు మట్టి జారింది. పిట్ట చూపించింది. ఇది కోత కాదు, గీత అని బొజ్జక్క తేల్చేసింది. మళ్లీ మాటిచ్చింది. మళ్లీ తవ్వింది.

మూడోసారి పిట్ట మాటివ్వమని అడగలేదు. అడిగి లాభం లేదని దానికి తెలిసిపోయింది. అప్పటికే గుడ్లు పెట్టింది కనుక వదిలి పోలేకపోయింది.

ఆషాఢంలో వాగు పొంగింది. నీలవేణి చేప కోసం వెళ్లిన వేళ గట్టు సగం విరిగి నీళ్లలో పడింది. బొరియా లేదు, గుడ్లూ లేవు. విరిగిన అంచు బొజ్జక్క పొద దాకా వచ్చి ఆగింది. ఆమె పిల్లల్ని వెనక్కి నెట్టి, నిలబడి చూసింది.

పిట్ట తిరిగొచ్చింది. బొరియ ఉండాల్సిన చోట గాలిలో చాలాసేపు రెక్కలాడించింది.

"చెల్లీ, ఇది కోతే" అంది బొజ్జక్క మెల్లగా.

"అది గట్టుకు, అక్కా. నాకిది కడుపుకోత" అని నీలవేణి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి బొజ్జక్క చిత్తడినేలకే నడిచింది. అక్కడి తుంగ దుబ్బుల్ని నోట కరుచుకొచ్చి గట్టు మీద పాతింది. పిల్లలు తొక్కి గట్టిపరిచాయి. మరుసటి ఏడాదికి తుంగ వేళ్లూనింది, గట్టు నిలిచింది. ఇక తవ్వను, వచ్చెయ్యమని బొజ్జక్క ఎన్నోసార్లు పిలిచింది. నీలవేణి విన్నది. కొత్త బొరియ మాత్రం అవతలి ఒడ్డునే తవ్వుకుంది.

నీతి: గట్టయినా నమ్మకమైనా కొంచెం కొంచెంగానే కోసుకుపోతుంది. గట్టునైతే మళ్లీ నిలబెట్టుకోవచ్చు.