దానయ్య కేక

"గురువుగారూ, అబద్ధమాడి దొరికిపోయినవాణ్ణి జనం మళ్లీ నెత్తిన పెట్టుకుంటారా, పెట్టుకోరా? ఒక్క ముక్కలో చెప్పండి. మూడింటికి నామినేషన్ల గడువు అయిపోతుంది."

ఇలా అడిగినవాడు మాజీ శాసనసభ్యుడు కూర్మినాయుడు. విన్నవారు సముద్రం పక్క సరుగుడు తోటలో, తాటాకు పాకలో ఉండే తవిటయ్య గురువుగారు. పాపం, నాయుడికి తొందరలో ఒక సంగతి గుర్తులేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు ఆ గురువుగారికి ఏనాడూ లేదు.

నాయుడి కథ ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. అప్పటి ఎన్నికల్లో, పక్కనున్న పాలెం రేవుకు జెట్టీ మంజూరైపోయిందని ఊరూరా చాటాడు. దొంగ ఉత్తర్వు ఒకటి పైకెత్తి చూపించాడు. కొబ్బరికాయ కొట్టి శంకుస్థాపన కూడా చేసేశాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, ఆయన అబద్ధం ఓట్లు లెక్కపెట్టేదాకా చక్కగా అతికే ఉంది, ఆ తరువాతే ఊడింది. కోర్టు ఎన్నికను కొట్టేసి, పోటీకి అనర్హుడని తేల్చింది. పాలెం ఆడవాళ్లు చేపలు కడిగిన నీళ్లు తెచ్చి ఆయన కారు మీద కుమ్మరించారు. ఇప్పుడా అనర్హత గడువు తీరింది, పార్టీ మళ్లీ టిక్కెట్టు ఇచ్చింది, కారులో కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. లేనిదల్లా గుండెలో ధైర్యం. ఈసారి జనం ఛీకొడితే ఇక ఈ జన్మకు తన పేరెత్తేవాడుండడని ఆయనకు తెలుసు.

గురువుగారు చేతికర్ర అందుకున్నారు.

"ఒడ్డుకు పోదాం పద."

"గురువుగారూ, టైము..."

"సముద్రం చూడ్డానికి టైమెందుకు నాయనా?"

ఇద్దరూ ఇసకదిబ్బ ఎక్కారు. కింద పాలెం మగవాళ్లు పెద్దవల చుట్టూ కూర్చుని చిరుగులు కుట్టుకుంటున్నారు. వాళ్లకు బాగా ఎడంగా, ఒక మనిషి ఒంటరిగా మోకాళ్లు ముడుచుకు కూర్చున్నాడు.

"అడుగో, వాడు దానయ్య" అన్నారు గురువుగారు. "నీళ్ల రంగు చూసి, చేపల గుంపు ఎక్కడుందో కేకేసి చెప్పడం వాడి పని. ఆ కేక మీదే ఊరంతా వల దింపేది. మధ్యన కొన్నాళ్లు చేప కనబడలేదు. ఎక్కడ తన పని ఊడుతుందోనని, లేని గుంపును ఉందని కేకేశాడు. ఊరి ఉమ్మడి వల రాళ్లకు తగులుకుని చిరిగిపోయింది. పైగా, గుంపు అడుగునుంచి జారిపోయిందని బుకాయించాడు. దొరికిపోయాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నాయుడు కండువా సర్దుకున్నాడు.

"అయితే వాణ్ణేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. వాడి మాట లెక్కచెయ్యడం మానేశారు."

ఆ మాట పూర్తయిందో లేదో, దానయ్య దిగ్గున లేచాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం చూశాడు. అంతే, గొంతు చించుకుని అరిచాడు.

"సేప! సేపోయ్! కవళ్ల గుంపు! బేగి రండర్రా!"

నాయుడి ఒళ్లు ఝల్లుమంది. వల దగ్గర మాత్రం ఒక్కడూ లేవలేదు. పాలెం పెద్ద లచ్చయ్య తలెత్తకుండానే అన్నాడు.

"ఏట్రా దానిగా, పగలు కూడా కలలొస్తన్నాయేటి?"

"ఈసారి గుంపు ఏ పక్కనుంచి జారిపోద్దో, అదీ నువ్వే సెప్పీరా!" అన్నాడింకొకడు. అందరూ గొల్లుమన్నారు.

దానయ్య మళ్లీ కేకేశాడు. మూడోసారికి గొంతు జీరపోయింది. ఎవడూ సూది కింద పెట్టలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా! నాయుడి మొహం మాడిపోయింది. అక్కడ నిలబడి అరుస్తున్నది దానయ్య కాదు, తనే అనిపించింది. ఈ సాయంత్రం ఏ ఊరికి పోయి ఏం చెప్పినా జనం ఇలాగే నవ్వుతారు.

"అర్థమైంది గురువుగారూ. ఇక నాకు ఇంటిదారే."

గురువుగారు కదల్లేదు. చేతికర్రతో నీళ్ల వైపు చూపించారు.

దానయ్య అరవడం ఆపేశాడు. ఒక్క పరుగున పోయి తన చిన్న తెప్ప మీద తన సొంత వల కుప్పగా పడేశాడు. చేపలెండబెడుతున్న పెళ్లాం పోలమ్మ పరిగెత్తుకొచ్చింది. వల తాడు కొస ఆమె చేతిలో పెట్టి, తెప్పను కెరటాల్లోకి తోశాడు. ఆ వేళ సముద్రం మంచి కోపం మీద ఉంది. మొదటి కెరటం తెప్పను ఎత్తి ఒడ్డుకే విసిరింది. లేచి మళ్లీ తోశాడు. రెండోది మనిషిని మింగేసింది.

"ఓర్నాయనో! పోయాడు, పోయాడు!" అని నాయుడు గురువుగారి భుజం పట్టుకున్నాడు.

పోలేదు! అవతల నల్లగా తల తేలింది, దాని వెనకే తెప్ప. తెడ్డు వేస్తూ, వల వదులుతూ, ఆ ఒంటిగాడు గుంపు చుట్టూ తిరుగుతున్నాడు. ఒడ్డున సూదులు ఆగిపోయాయి. లచ్చయ్య లేచి నిలబడ్డాడు.

"ఒరే, అబద్ధమాడీవోడు ఇంత కెరటంలోకి ఒక్కడూ ఎల్తాడేట్రా?"

అప్పుడే నీళ్లు ఉడికినట్టు కుతకుతలాడాయి. ఎండలో వేలకొద్దీ చేపలు తళుక్కున ఎగిరాయి. తెప్ప వదిలేసి, వల రెండో కొస తాడు పట్టుకుని ఈదుకొస్తున్న దానయ్యను వల వెనక్కి ఈడుస్తోంది. ఇటు పోలమ్మ మోకాళ్ల దాకా పోయింది, నడుం దాకా పోయింది.

"ఓలమ్మా! తాడు నన్ను లాగేస్తందర్రా! రండర్రా!"

పాలెం పాలెమంతా పరుగెత్తింది. మగాళ్లు, ఆడాళ్లు, చుట్ట నోట్లో ఉన్న ముసలాళ్లతో సహా నీళ్లలోకి దూకి తాడు పట్టారు. నాయుడు మాత్రం తక్కువ తిన్నాడా! కండువా గాలికెగిరిపోతుంటే దిబ్బ మీంచి దొర్లినట్టు దిగాడు, అందరికీ కనబడే చోటు చూసుకుని చేతులు పైకెత్తాడు.

"రండి! రండి! అటు నలుగురు! ఇటు నలుగురు! వదలకండి! హైలెస్సా! హైలెస్సా!"

ఎన్నాళ్లయిందో ఆ గొంతు అలా మోగి! రక్తం పొంగుతోంది. ఊరంతా తన కేకకే లాగుతున్నట్టుంది.

"ఓ బాబూ, నువ్వూ ఓ సెయ్యెయ్యి!" అని అరిచింది పోలమ్మ, పీకల్లోతు నీళ్లలోంచి.

"విన్నారా? చెయ్యెయ్యమంటోంది తల్లి! తలో చెయ్యీ వెయ్యండర్రా!" అని నాయుడు ఇంకా గట్టిగా అరిచాడు.

వల ఒడ్డుకెక్కింది. ఇసక మీద చేప వెల్లువెత్తినట్టు పడింది. పిల్లలు గంతులేశారు, ఆడవాళ్లు గంపలకోసం ఇళ్లకు పరిగెత్తారు. దానయ్య ఒగరుస్తూ ఇసకలో కూలబడ్డాడు. లచ్చయ్య వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కేకేసే పని మాట తరవాత సూద్దాం. పెద్దవలకి మనిషి తక్కువున్నాడు. రేపు తాడట్టుకోడానికి రా."

దానయ్య తలూపాడు. మరి ఆపుకోలేక బావురుమన్నాడు. పోలమ్మ కొంగుతో వాడి మొహం తుడిచింది.

నాయుడు ఒక్క ఊపున దిబ్బ ఎక్కాడు. మొహం వెలిగిపోతోంది.

"జవాబు దొరికింది గురువుగారూ, దొరికింది! జనం క్షమిస్తారు! కళ్లారా చూశాను! ఇప్పుడే పోయి నామినేషను వేసేస్తాను. సాయంత్రం సభ ఇక్కడే, ఈ ఇసకలోనే! దానయ్యను పక్కన నిలబెట్టుకుంటాను. మేమందరం కలిసి ఈ వల ఎలా లాగామో మైకులో చెబుతుంటే, చూడండి, ఏడవనివాడుండడు! నన్ను దీవించండి!"

అంటూ పాదాల మీద వాలాడు. గురువుగారు వంగి, ఆయన్ను భుజాలు పట్టి లేవనెత్తారు. పైనుంచి కిందిదాకా ఓసారి చూశారు.

"గొంతు బొంగురుపోయింది నాయనా" అన్నారు. "పంచె అంచయినా తడవలేదే!"