గీత ఉన్న అప్పడం

మా మృదంగం మాస్టారు దక్షిణామూర్తిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా చిక్కు ప్రశ్న అడిగితే వెంటనే నోరు విప్పరు. బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి, మృదంగం ఎడమవైపు అద్దుకుంటూ కూర్చుంటారు. ఆ ముద్ద కుదురుకుని, నాదం ఆయనకి నచ్చేదాకా అడిగినవాడు కాచుకోవాల్సిందే. ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్లు కండక్టరుగా చేసి, రిటైరయ్యాక ఈ విద్యలోకొచ్చి పడ్డవాణ్ణి నేను. చిల్లర కోసం జనాన్ని ఆపానే గాని, జవాబు కోసం నేను ఆగిందెప్పుడూ లేదు. ఆ ఆలస్యానికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వేళ అడిగినవాడు నరహరి. మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. కచేరీకి పిలిస్తే వెళ్లి వాయించి, కవరులో ఎంత పెడితే అంత కళ్లకద్దుకుని వచ్చేస్తాడు. ఇంటికి చేరేదాకా ఆ కవరు విప్పి చూడటం కూడా అమర్యాద అనుకుంటాడు. ఇల్లు గడవక, చివరికి మృదంగం అటకెక్కించి టైర్ల షాపులో పనికి ఒప్పుకున్నాడు. సోమవారం చేరాలి. శుక్రవారం వచ్చి మాస్టారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, ఎంతిస్తే అంత పుచ్చుకోవడం వినయం అనుకున్నాను ఇన్నాళ్లూ. అది వినయమా, పిరికితనమా?"

నేను ఊరుకోలేక, అడగందే అమ్మయినా పెట్టదన్నారు కదయ్యా అని మధ్యలో దూరాను. మాస్టారు నా వంక చూడనైనా చూడలేదు. రవ్వ అద్దడం అయ్యాక, ఇదే రవ్వ కొనడానికి వెళ్లినప్పుడు తన కళ్లముందు జరిగిందంటూ పేరిందేవిగారి సంగతి మొదలుపెట్టారు. దాన్ని నా మాటల్లో చెబుతున్నాను. ఆయనంత నిదానం నాకు చేతకాదు.

పేరిందేవిగారిది మండపేటలో మాస్టారి వీధే. మినప అప్పడాలు చేసి అమ్ముతుంది. నల్లేరు రసం పోసి కలిపిన పిండిని పళ్లాలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు దంచి ఉండలు చేస్తారు. ఒత్తడం మాత్రం ఆవిడే. అత్తగారి నాటి అప్పడాల కర్రకి ఒక చోట గాటు పడి ఉండటంతో, ప్రతి అప్పడం మీదా అంచుకి దగ్గరగా సన్నటి గీత తేలుతుంది. కర్ర మార్చమని పళ్లాలమ్మ ఎంత పోరినా ఆవిడ మార్చలేదు.

సరుకంతా ఊళ్లో ఉన్న సూపర్ మార్కెట్టు, కల్పవల్లి బజారుకే. యాభై అప్పడాల కట్టకి డెబ్బై రూపాయలు, నాలుగేళ్లుగా అదే రేటు. మినపప్పు ధర చూస్తే ఆకాశంలో ఉంది. పెంచమని అడుగుదామని వెళ్లినప్పుడల్లా మేనేజరు, కంపెనీ సరుకు లారీలో వస్తానంటోంది మామ్మగారూ, మీ మీద గౌరవం కొద్దీ ఆపుతున్నాను అనేవాడు. ఆవిడ ఆ గౌరవం మూటగట్టుకుని వెనక్కి వచ్చేసేది. దసరా దాటితే పని ఆపెయ్యాల్సిందే. తనని నమ్ముకున్న ఆ ముగ్గురికీ ఆ మాట ఎలా చెప్పాలో తెలియక రోజులు నెట్టుకొస్తోంది.

ఇలా ఉండగా పళ్లాలమ్మ కూతురు పేరిందేవిగారి ఫోనులో ఆ బజారువాళ్ల యాప్ పెట్టింది. కొన్నప్పుడల్లా కౌంటరు దగ్గర నంబరు చెబితే ముత్యాలనే పాయింట్లు జమ పడతాయి. పొద్దున్నే "పేరిందేవిగారూ, శుభోదయం" అని ఆ యాపే పలకరించి మరీ ఎన్ని ముత్యాలున్నాయో చెబుతుంది. అంత మర్యాదగా పిలిచినవాళ్లు ఎవరూ లేరేమో, ఆవిడకి దాని మీద భక్తి కుదిరిపోయింది.

ఒకరోజు వియ్యాలవారు భోజనానికి వస్తున్నామని కబురు చేశారు. ఇంట్లో చూస్తే ఒక్క అప్పడం లేదు, ముందురోజే సరుకంతా పంపేసింది. అదే సమయానికి ఫోను మోగింది. ఇవాళ అప్పడాల మీద రెట్టింపు ముత్యాలట. పరుగున వెళ్లింది. ఇన్నాళ్లూ సరుకు వెనక తలుపున ఇచ్చి, పప్పూ నూనే కొనుక్కుని రావడమే గాని పై అరల వంక ఎప్పుడూ చూడలేదు. అక్కడ యాభై అప్పడాల తళతళలాడే కవరు, దాని మీద కళ్లజోడు పెట్టుకున్న ముసలావిడ బొమ్మ, "అమ్మమ్మ చేతి అప్పడాలు" అని పేరు. అసలు ధర రెండు వందల నలభై, మీకు మాత్రం నూట ఎనభై అయిదు. కొనేసింది. ఇంటికొచ్చి, యాభై అయిదు మిగిలాయే, పైన ముత్యాలే అంటూ ముగ్గురికీ బిల్లు చూపించి మురిసిపోయింది.

కవరు విప్పితే అప్పడం మీద గీత ఉంది.

పాపం, ఊళ్లో ఇంకెవరి కర్రకో కూడా గాటు పడింది కాబోలు అనుకుందట ముందు. ఇంకోటి తీసింది. దాని మీదా గీతే. ఒకటి వేయించి నోట్లో పెట్టుకుంది. తన నల్లేరు తనకి తెలియదూ? పీట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి పళ్లాలమ్మ కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. మధ్యాహ్నం వియ్యపురాలు రెండోసారి వడ్డించుకుని, ఎక్కడ కొన్నారండీ, ఇంత బాగున్నాయి అని అడిగింది. కొన్నానని చెప్పడానికీ నోరు రాలేదు, చేశానని చెప్పడానికీ రాలేదు. కోపమొచ్చింది, అదీ తన మీదే.

మర్నాడు ఖాళీ కవరు పట్టుకుని ముందు తలుపు నుంచి వెళ్లి వరసలో నిలబడింది. వెనకే రవ్వ పొట్లంతో మా మాస్టారు. కౌంటరు అమ్మాయి అలవాటుగా నంబరు చెప్పండి అంటే, మేనేజర్ని పిలవమంది. అతను రాగానే కవరు అతని ముందు పెట్టింది.

"బాబూ, ఈ అప్పడం రెండొందల నలభై అని నేను చెప్పలేదు, మీరే అచ్చేశారు. నాకు నూట ముప్ఫై ఇవ్వండి, చాలు."

అతను మళ్లీ లారీ కథ ఎత్తుకున్నాడు. అయితే ఆ కంపెనీ సరుకే ఈ అమ్మమ్మ కవరులో పెట్టి అమ్ముకోండి అని ఆవిడ వచ్చేసింది. 

ఇంటికెళ్లి ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆగుదాం అన్నారు వాళ్లు. పది రోజులు రోలు మోగలేదు. నేనైతే మూడోరోజే వెళ్లి డెబ్బైకి ఒప్పుకుని వచ్చేవాణ్ణి, నిజం చెబుతున్నాను. ఆవిడా ప్రతి సాయంత్రం చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చి, మళ్లీ విప్పేసేదట.

అక్కడ బజారులో అమ్మమ్మ కవరులోకి కంపెనీ అప్పడాలు ఎక్కాయి. ఆ యాప్‌కి ఇంకో అలవాటుంది. కొన్నవాళ్లని సరుకు ఎలా ఉందో రాయమని, రాస్తే రెండు ముత్యాలిస్తుంది. ఊరికే వచ్చే ముత్యాలు ఎవరికి చేదు? జనం రాశారు. గీత లేదేమిటని ఒకరు, ఇవి ఆ అప్పడాలు కావని ఇంకొకరు, మా మావగారు కంచం పక్కన పెట్టేశారని మరొకరు. ఆ గీత చూసుకునే ఊరంతా కొంటోందని అప్పటిదాకా మేనేజరుకీ తెలియదు, పేరిందేవిగారికీ తెలియదు. ముత్యాలిచ్చి మరీ తిట్లు కొనుక్కున్నారు వాళ్లు.

పదకొండో రోజు మేనేజరు ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. నూట ముప్ఫైకి ఒప్పుకున్నాడు. కవరు మీద అమ్మమ్మ బొమ్మ తీసేసి పేరిందేవి పేరే వేస్తామన్నాడు. పైన ఆవిడ ఫోనుకి అయిదు వందల ముత్యాలు పంపుతామన్నాడు.

"ముత్యాలు మీ దగ్గరే ఉంచండి బాబూ. సరుకు మాత్రం ఇకనుంచి ముందు తలుపునే తెస్తాం."

ఆ వారమే నలుగురు ఆడవాళ్లు నెత్తిన బుట్టలు పెట్టుకుని అద్దాల తలుపులోంచి లోపలికి నడిచారు. పళ్లాలమ్మ పెట్టెలోని పట్టుచీర తీసి కట్టుకుంది. బిల్లు వరసలో ఉన్నవాళ్లు ట్రాలీలు పక్కకి జరిపి దారిచ్చారు. గీత అప్పడాలు వచ్చాయి అని ఎవరో అన్నారు. పేరిందేవిగారు తల దించలేదు. ఇదంతా చూడటానికే మాస్టారు, ఇంట్లో రెండు పొట్లాలు ఉండగా, మళ్లీ రవ్వకి వెళ్లారు.

కథ అయిపోయింది.  టైర్ల షాపువాడు సోమవారం సాయంత్రం దాకా నరహరి కోసం ఎదురుచూసి, మరొకణ్ణి పెట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ వేళ మాత్రం అతను అడిగింది ఒక్కటే, ఆవిడకి ఉన్నట్టుండి అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందని.

మాస్టారు మృదంగం ఒడిలోకి తీసుకుని ఎడమవైపు ఒక్క దెబ్బ వేసి విన్నారు. నచ్చినట్టుంది.

"ధైర్యం ఎప్పుడూ ఉందిరా. తన అప్పడం కొనుక్కుని తినడం మాత్రం ఆవిడకి అదే మొదటిసారి."